చుండ్రుకు మందు షాంపూ: తగ్గించేది ఏది, తగ్గాక నిలబెట్టేది ఏది

మా కింది ఫ్లోర్ పిన్నిగారు మొన్న లిఫ్ట్ దగ్గర ఆపి అడిగారు. "ఏటమ్మా, ఏ షాంపూ పెట్టినా నెల్రోజులు బాగుంటది, మళ్ళీ వచ్చేస్తంది. మందు పన్జెయ్యడం మానేస్తంది కాబోలు." ఈ మాట మా బంధువుల్లో, ఆఫీసులో, మా విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజార్‌లో కూరలు ఏరుకుంటూ కూడా విన్నాను. ఒకప్పుడు నేనూ అదే అనేదాన్ని. పన్నెండేళ్ళుగా మా ఇంట్లో చుండ్రు ఉంది. నాకు పొడవు జుట్టు, నూనె అలవాటు. మా వారికి డ్యూటీలో సేఫ్టీ హెల్మెట్, దారిలో బైక్ హెల్మెట్. మా అత్తగారికి పూర్తిగా తెల్లజుట్టు. ముగ్గురికీ ఒకే షాంపూ సరిపోలేదు. అందుకే పిన్నిగారికి లిఫ్ట్ దగ్గర రెండు ముక్కల్లో చెప్పలేక, ఇంటికి తీసుకొచ్చి కూర్చోబెట్టి చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆవిడ ప్రశ్నకే జవాబు. చాలామందికి మందు పనిచేయడం మానదు. తగ్గింది కదా అని మనం వాడటం మానేస్తాం.

చుండ్రుకు కారణమైన ఫంగస్ పేరు మలసీజియా. 1874లో లూయీ మలాసే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త చుండ్రు పొలుసుల్లో దీన్ని చూసి వర్ణించాడు, ఆయన పేరే దీనికి స్థిరపడింది. ఇది బయటినుంచి అంటుకునే తెగులు కాదు. చుండ్రు ఉన్నవాళ్ళ మాడు మీదా ఉంటుంది, లేనివాళ్ళ మాడు మీదా ఉంటుంది. కాబట్టి ఒకరి దువ్వెన ఒకరు వాడినందుకు చుండ్రు వచ్చిందని ఇంట్లో పోట్లాడుకోవక్కర్లేదు. ఈ ఫంగస్‌కు తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారు చేసుకునే శక్తి లేదు. మన మాడు మీద ఊరే జిడ్డును విరగ్గొట్టి తింటుంది. అలా విరగ్గొట్టినప్పుడు ఒలియిక్ ఆమ్లం లాంటివి మిగిలిపోతాయి. అవి పడని చర్మం దురదెక్కుతుంది, ఎర్రబడుతుంది, పొర మీద పొర తొందర తొందరగా రాలుస్తుంది. భుజాల మీద తెల్లగా కనిపించేది ఆ పొట్టే.

ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. ఫంగస్‌ను తగ్గించవచ్చు కానీ తుడిచిపెట్టలేం. జిడ్డు ఊరుతూనే ఉంటుంది, అది మళ్ళీ పెరుగుతూనే ఉంటుంది. అందుకని షాంపూను రెండు రకాలుగా తూచాలి. మొదటి నాలుగు వారాల్లో ఎంత తగ్గించింది అన్నది ఒకటి. ఆ తర్వాత నెలల తరబడి, విసుగు లేకుండా, జేబుకు భారం కాకుండా వారానికోసారి వాడుకోగలమా అన్నది రెండోది. కొనేటప్పుడు అందరం మొదటిదే చూస్తాం. నా అనుభవంలో గెలుపోటములు తేలేది రెండోదానిలోనే.

దీనికి ఆధారం కూడా గట్టిదే ఉంది. 1995లో బయటికొచ్చిన ఒక పెద్ద పరిశోధనలో 575 మందికి 2 శాతం కీటోకోనజోల్ షాంపూను వారానికి రెండుసార్లు ఇచ్చారు. 88 శాతం మందికి బాగా తగ్గింది. అసలు సంగతి ఆ తర్వాతది. తగ్గినవాళ్ళలో 312 మందిని మూడు జట్లుగా చేసి ఆరు నెలలు గమనించారు. వారం వారం మందు షాంపూ వాడినవాళ్ళలో 19 శాతం మందికే చుండ్రు తిరగబెట్టింది. వారం విడిచి వారం వాడినవాళ్ళలో 31 శాతం మందికి. మందు లేని షాంపూతో సరిపెట్టుకున్నవాళ్ళలో 47 శాతం మందికి. అంటే నెల రోజులు శ్రద్ధగా వాడి ఆపేస్తే, ఆరు నెలల్లో దాదాపు సగం మంది మొదటికొస్తారు. పిన్నిగారి కథ సరిగ్గా ఇదే.

ఏ మందు ఎవరికి

సీసా ముందువైపు బొమ్మ, "100 శాతం చుండ్రు మాయం" అన్న రాత వదిలేసి, వెనక్కి తిప్పి చిన్న అక్షరాల్లో మందు పేరు, దాని శాతం చదవండి. మన పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఎదుట వరుసగా ఉండే మందుల షాపుల్లో అడిగినా, మీ వీధి చివర షాపులో అడిగినా, కంపెనీ పేరుతో కాకుండా మందు పేరుతో అడగడం అలవాటు చేసుకుంటే సగం గందరగోళం పోతుంది.

మధ్యస్థంగా, గట్టిగా ఉన్న చుండ్రుకు నేను మొదట పెట్టేది 2 శాతం కీటోకోనజోల్. ఫంగస్ తన కణం గోడకు ఆనుకుని ఉండే పొరను కట్టుకోవడానికి ఎర్గోస్టెరాల్ అనే పదార్థం కావాలి, ఈ మందు దాని తయారీనే ఆపేస్తుంది. పైగా కడిగేసిన తర్వాత కూడా చర్మం పై పొరకు పట్టుకుని కొంతకాలం ఉంటుంది. వారానికోసారి వాడినా ఫలితం నిలవడానికి కారణం అదే. దీన్నీ, 1 శాతం జింక్ పైరిథియోన్ అనే మరో చుండ్రు మందునూ 331 మంది మీద పోల్చి చూసిన పరిశోధన 2002లో వచ్చింది. నాలుగు వారాలకు కీటోకోనజోల్‌తో 73 శాతం మేర తగ్గితే, జింక్‌తో 67 శాతం మేర తగ్గింది. తేడా మరీ పెద్దది కాదు. కానీ ఆపేశాక తిరగబెట్టడం కీటోకోనజోల్ వాడినవాళ్ళలో తక్కువ. ఇబ్బందులూ ఉన్నాయి. జుట్టు కాస్త గరుకుగా, పొడిగా అనిపిస్తుంది. కొందరికి మాడు మంట పుడుతుంది. ఇదే మందు మాత్రల రూపంలో మింగితే కాలేయానికి హాని చేస్తుందని విని కొంతమంది షాంపూ అన్నా భయపడుతున్నారు. మాత్రల విషయంలో ఆ భయం నిజమైనదే. కానీ షాంపూలోంచి రక్తంలోకి చేరేది దాదాపు ఏమీ ఉండదు.

తేలికపాటి చుండ్రుకు, అంటే దువ్వుకుంటే నాలుగు పొలుసులు రాలడం, అప్పుడప్పుడు దురద, అంతకు మించి లేనివాళ్ళకు జింక్ పైరిథియోన్ చాలు. కిరాణా కొట్లోనూ దొరుకుతుంది, సాచెట్లలోనూ దొరుకుతుంది, వాసన బాగుంటుంది, ఇంట్లో అందరూ వాడుకోవచ్చు. 1961లో అమెరికాలో హెడ్ అండ్ షోల్డర్స్‌తో ఇది ఇంటింటికీ చేరింది. దీర్ఘకాలానికి దీని అసలు బలం సౌలభ్యం. మామూలు షాంపూ స్థానంలో ఇదే పెట్టేసుకుంటే విడిగా గుర్తుపెట్టుకునే పని ఉండదు. ఈ మందును యూరప్‌లో నిషేధించారని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమే, యూరోపియన్ యూనియన్ 2022 మార్చి 1 నుంచి సౌందర్య ఉత్పత్తుల్లో దీన్ని ఆపేసింది. ప్రత్యుత్పత్తికి హాని చేసే పదార్థాల జాబితాలో చేర్చినందువల్ల అలా జరిగింది. అయితే అక్కడి శాస్త్రీయ కమిటీయే 2020లో, కడిగేసే చుండ్రు షాంపూల్లో 1 శాతం వరకు సురక్షితమేనని చెప్పింది. రెండూ నిజాలే కాబట్టి రెండూ చెప్తున్నాను. మనసు ఒప్పుకోకపోతే పిరోక్టోన్ ఒలమైన్ అని రాసి ఉన్నది తీసుకోండి. తేలికపాటి చుండ్రుకు అదీ బాగానే పనిచేస్తుంది.

కీటోకోనజోల్, జింక్ పైరిథియోన్ రెండూ కలిపిన సీసాలు మన షాపుల్లో బాగా అమ్ముతారు. నేను వాటికోసం ఎక్కువ డబ్బు పెట్టను. ఒక్క కీటోకోనజోల్‌కే గట్టి ఆధారం ఉన్నప్పుడు రెండోది తోడు కోసం కొనక్కర్లేదు.

సెలీనియం సల్ఫైడ్, సెల్సన్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. 2.5 శాతం మందు షాంపూ బలమైనదే, జిడ్డు మాడు వాళ్ళకు బాగా పనిచేస్తుంది. మా వారికి కీటోకోనజోల్ పడక మంట పుట్టినప్పుడు డాక్టరు దీనికి మార్చారు, నిలబడింది. కానీ దీనికి కొంచెం ఓర్పు కావాలి. వాసన ఘాటు. జుట్టు జిడ్డుగా అనిపించవచ్చు. రంగు వేసుకున్న జుట్టు, తెల్లజుట్టు రంగు మారే అవకాశం ఉంది. నగలు తీసి పెట్టి మరీ వాడాలి. మెడలో గొలుసు, చెవులకు దిద్దులు ఉంచుకుని తలకు పోసుకోవద్దు. మంగళసూత్రం తీయడం ఇష్టం లేనివాళ్ళు ఈ మందు జోలికి పోకపోవడమే మంచిది. వారం వారం ఆ టెన్షన్ పెట్టుకుని ఏ మందునూ ఏళ్ళ తరబడి వాడలేం.

ఫంగస్‌ను తగ్గించే ఇంకో మందు సైక్లోపిరాక్స్. ఆ షాంపూకు దీర్ఘకాలం విషయంలో మంచి ఫలితాలే ఉన్నాయి. 949 మందితో జరిగిన ఒక పరిశోధనలో, తగ్గాక వారానికోసారి వాడినవాళ్ళలో 14.7 శాతం మందికి, రెండు వారాలకోసారి వాడినవాళ్ళలో 22.1 శాతం మందికి, మందు లేనిది వాడినవాళ్ళలో 35.5 శాతం మందికి తిరగబెట్టింది. మళ్ళీ అదే పాఠం. కీటోకోనజోల్ పడనివాళ్ళు చర్మ డాక్టరును దీని గురించి అడగండి.

కోల్ టార్, అంటే తారు కలిపిన షాంపూ, నేను మామూలు చుండ్రుకు చెప్పను. పొలుసులు దళసరిగా అంటుకుపోయి ఉంటే, అదీ డాక్టరు చెప్తేనే. వాసన, మరకలు ఒక ఎత్తు. ఎండకు చర్మం తొందరగా కందిపోయేలా చేయడం ఇంకో ఎత్తు. మే నెలలో మన బీచ్ రోడ్డు ఎండ తెలిసిందే. తెల్లజుట్టు పసుపుగా మారుతుంది కూడా, అందుకే మా అత్తగారికి వద్దన్నాం. శాలిసిలిక్ యాసిడ్ ఫంగస్ జోలికి పెద్దగా పోదు, పేరుకున్న పొలుసును మెత్తబరిచి ఊడగొడుతుంది. తొలి వారాల్లో సాయంగా పనికొస్తుంది. ఏళ్ళ తరబడి నమ్ముకోవడానికి కాదు.

కుంకుడుకాయ, నిమ్మరసం, నూనె

మా అమ్మ దగ్గర ఈ మాట ఎత్తాలంటే ఇప్పటికీ నోరు రాదు. కానీ చెప్పాలి.

కుంకుడుకాయ రసం జిడ్డును బాగా వదిలిస్తుంది. జిడ్డు వదిలితే ఫంగస్‌కు తిండి తగ్గుతుంది, కాబట్టి మేలు చేస్తుంది. మందు షాంపూ లేని రోజు తలంటుకు కుంకుడుకాయ వాడుకోవడంలో తప్పేమీ లేదు, నేనూ వాడతాను. నిమ్మరసం మాత్రం వద్దు. గోకి గోకి పుండైన మాడు మీద నిమ్మరసం పడితే ఎలా మండుతుందో నాకు తెలుసు. పైగా నిమ్మరసం అంటిన చర్మం మీద ఎండ పడితే కమిలిపోతుంది. టీ ట్రీ ఆయిల్ 5 శాతం కలిపిన షాంపూ మీద 126 మందితో ఒక పరిశోధన జరిగింది. నాలుగు వారాల్లో 41 శాతం మేర మెరుగుదల కనిపించింది, మందు లేనిదానితో 11 శాతం. మూలికల వైపే మొగ్గు ఉన్నవాళ్ళు అలాంటిది చూసుకోవచ్చు. ఆ నూనె నేరుగా మాడుకు రాయకండి.

ఇక నూనె. మలసీజియాను ల్యాబులో పెంచాలంటే మామూలు తిండి చాలదు, ఆలివ్ నూనె లాంటిది కలపాలి. ఈ ఒక్క సంగతి తెలిశాక శనివారం రాత్రి మాడు తడిసేలా కొబ్బరినూనె పట్టించి, దిండు మీద పాత తువ్వాలు పరుచుకుని పడుకునే అలవాటు మానేశాను. "తల పొడిబారిపోయి పొట్టు రాలుతోంది, ఇంకాస్త నూనె పెట్టు" అని పెద్దవాళ్ళు ప్రేమతోనే అంటారు. ఆ పొట్టు పొడిదనం వల్ల వచ్చింది కాదు. నూనె పెడితే పొలుసులు తలకు అతుక్కుని రెండు రోజులు కనబడవు, అంతే. నూనె పూర్తిగా మానమని నేను అనడం లేదు. మాడు వదిలేసి జుట్టు పొడవునా, చివర్లకు, తలంటుకు గంట ముందు రాసుకోండి. ముందు మామూలు షాంపూతోనో కుంకుడురసంతోనో ఆ జిడ్డు కడిగేసి, ఆ తర్వాతే మందు షాంపూ పెట్టండి. జిడ్డు మీద మందు పోస్తే ఆ మందు చర్మం దాకా చేరదు.

ఐదు నిమిషాలు

మందు మారుస్తూ పోయిన ఏళ్ళల్లో నేను చేసిన పెద్ద తప్పు ఇది. తలకు పోసుకోవడం, నురగ రావడం, కడిగేసుకోవడం, మొత్తం ఒక నిమిషం. కీటోకోనజోల్ కనీసం మూడు నుంచి ఐదు నిమిషాలు మాడు మీద ఉండాలి. సెలీనియం రెండు మూడు నిమిషాలు. ఇప్పుడు నేను జుట్టును నాలుగు పాయలుగా విడదీసి, పాపిడి పాపిడికీ వేలి కొసలతో మాడుకు రాస్తాను, గోళ్ళు తగలనివ్వను. చెవుల వెనక, మెడ పైన, నుదుటి అంచున మర్చిపోను. తర్వాత జుట్టు ముడేసి, బకెట్‌లో నానబెట్టిన చేతిగుడ్డలు నాలుగు ఉతికేసరికి ఐదు నిమిషాలు అయిపోతుంది. మా అపార్ట్‌మెంట్‌లో వచ్చేది బోరునీళ్ళు, నురగ సరిగ్గా రాదు. నురగ రాలేదని ఇంకాస్త, ఇంకాస్త పోసుకునేదాన్ని. నురగతో పని లేదు, మందు మాడుకు తగిలితే చాలు.

మనలో చాలామంది ఆడవాళ్ళకు తలంటు అంటే వారానికోసారే. మొదటి నెల వారానికి రెండుసార్లు వాడాలనేసరికి అక్కడే బండి ఆగిపోతుంది. పొడవు జుట్టు ఆరడానికే ఈ ఉక్కపోతలో గంటలు పడుతుంది, తడి జుట్టు ముడేసుకుని ఆఫీసుకు పరిగెడితే దురద ఇంకా పెరుగుతుంది. నేను బుధవారం సాయంత్రం, ఆదివారం పొద్దున పెట్టుకున్నాను. ఆ నాలుగు వారాలు గట్టెక్కితే తర్వాత ఆదివారం ఒక్కటే.

ఖర్చు కూడా ఇలాగే లెక్కేసుకోవాలి. 100 మిల్లీలీటర్ల సీసా అనుకుందాం. మగవాళ్ళ పొట్టి జుట్టుకు ఒకసారికి 5 మిల్లీలీటర్లు చాలు. మొదటి నెల ఎనిమిది సార్లకు 40 అయిపోతుంది, మిగిలిన 60 పన్నెండు వారాలు వస్తుంది. అంటే ఒక సీసా దాదాపు నాలుగు నెలలు. నాలాంటి జుట్టుకు 10 చొప్పున పోతే మొదటి నెలలోనే 80 ఖర్చు, సీసా ఆరు వారాల్లో ఖాళీ. అందుకే జుట్టు పొడవుకు మందు షాంపూ పూయకండి, మాడుకే. షాపులో ధర చూసి పెద్దదిగా అనిపించినా, రోజూ వాడే షాంపూతో పోల్చకుండా వారానికి ఎంత పడుతుందో చూడండి.

హెల్మెట్ వాళ్ళకు ఇంకో మాట. మన ఊళ్ళో చెమట పట్టని నెల లేదు. పొద్దున తడి తల మీద హెల్మెట్ పెట్టడం మానండి, లోపలి మెత్తను ఊడదీసి ఉతకండి, లోపల పలచటి నూలు గుడ్డ కట్టుకోండి. మా వారికి షాంపూ ఎంత సాయం చేసిందో ఈ గుడ్డ కూడా అంతే చేసింది.

షాపులో ఇచ్చే లోషన్ గురించి

ఒకసారి మా వారికి దురద భరించలేనంతగా ఉంటే ఒక మందుల షాపులో చీటీ లేకుండానే ఒక లోషన్ ఇచ్చారు. రెండు రోజుల్లో అద్భుతంలా తగ్గింది. తగ్గింది కదా అని రెండు నెలలు రాశారు. ఆపగానే మునుపటికంటే ఎక్కువగా వచ్చింది, నుదుటి అంచున చర్మం పలచబడి ఎర్రగా మెరిసేది. తర్వాత చర్మ డాక్టరు సీసా చూసి చెప్పారు, అందులో క్లోబెటసాల్ అనే బలమైన స్టెరాయిడ్ ఉందని. డాక్టరు కొద్ది రోజులకు రాస్తే అది మంచి మందే, వాపును అణుస్తుంది. షాంపూ లాగా నెలల తరబడి వాడేది మాత్రం కాదు. "తొందరగా తగ్గేది ఇవ్వండి" అని అడిగినప్పుడు చేతికొచ్చేది తరచుగా ఇలాంటిదే. సీసా మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్ అని ఉంటే మీ అంతట మీరు వాడకండి.

ఒక మందును సరిగ్గా, నిమిషాలు లెక్కపెట్టి, నాలుగు వారాలు వాడాక కూడా తగ్గకపోతే మరో మందుకు మారండి. రెండోదీ పనిచేయకపోతే అది చుండ్రు కాకపోవచ్చు. పొలుసులు వెండి రంగులో దళసరిగా ఉండి, జుట్టు అంచు దాటి నుదుటి మీదికో చెవుల వెనక్కో వస్తే, మోచేతులు మోకాళ్ళ మీద కూడా ఉంటే సోరియాసిస్ అయ్యుండొచ్చు. బడికెళ్ళే పిల్లల తలలో గుండ్రంగా జుట్టు ఊడి పొలుసు కనిపిస్తే అది తామర, దానికి మాత్రలు కావాలి, షాంపూతో పోదు. కనుబొమలు, ముక్కు పక్కలు కూడా ఎర్రబడి పొట్టు రాలితే సెబోరిక్ డెర్మటైటిస్, చుండ్రుకే పెద్ద రూపం. చంటిపిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వీటిలో ఏదీ డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. కేజీహెచ్‌లో చర్మవ్యాధుల విభాగం ఉంది, ప్రైవేటుకు వెళ్ళే స్తోమత లేదని ఊరుకోకండి. వెళ్ళేటప్పుడు అంతకుముందు వాడిన సీసాలన్నిటి వెనకవైపు ఫొటోలు, ఏది ఎన్ని వారాలు వాడారో రాసుకున్న కాగితం పట్టుకెళ్ళండి. ఆ కాగితం చూశాకే మా డాక్టరు పది నిమిషాల్లో మా వారి మందు తేల్చారు.

పిన్నిగారి దగ్గర ఇంతకుముందు సగం వాడి వదిలేసిన కీటోకోనజోల్ సీసా ఉంది. గడువు తేదీ చూశాం, ఇంకా ఏడాది ఉంది. ఆవిడ వంటింట్లో క్యాలెండర్ తీసి నాలుగు వారాలకు బుధవారాలు, ఆదివారాలు ఎర్ర పెన్నుతో చుట్టి, అక్కణ్ణుంచి డిసెంబరు చివరిదాకా ఆదివారాలన్నీ చుట్టి ఇచ్చాను.